సెవెన్ కారుకి హెరాల్డ్ కాళ్ళు

లోటస్ సెవెన్ ఫొటోని ఎప్పుడో ఒకప్పుడు వాల్‌పేపర్‌గా పెట్టుకోని సాఫ్ట్‌వేరు జీవి తక్కువే. పొడుగాటి ముక్కు, ఒంటికి దూరంగా బయటికి నిలబడ్డ ముందు చక్రాలు, పైకప్పు ఉన్నా లేనట్టే. అందులో కూర్చుని చెయ్యి కిందకి చాపితే రోడ్డు తగులుతుంది. 1957లో ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ మొదలుపెట్టిన ఈ బండి ఐదొందల కిలోలు కూడా తూగదు. అంటే మన ఎంబాసిడర్‌లో సగం కూడా కాదన్నమాట. లోటస్ దీన్ని వదిలేస్తే 1973లో హక్కులు తీసుకున్న కేటర్‌హామ్ వాళ్ళు యాభై ఏళ్ళు దాటినా ఇంకా తయారుచేస్తూనే ఉన్నారు. దీన్ని చూసి ప్రపంచమంతా నకళ్ళు చేశారు. మనవాళ్ళూ చేశారు, ఆ సంగతి కాస్సేపట్లో.

మాది భావనపాడు. టెక్కలి దాటి, నౌపడ ఉప్పు మడులు దాటి, సముద్రం దగ్గర రోడ్డు అయిపోయే చోట ఉంటుంది. ఉద్యోగం ఎక్కడో, ఊరు ఎక్కడో. ఇలాంటి తేలికపాటి బండి ఒకటి కొని ఊళ్ళో ఇంటి దగ్గర పెట్టుకోవాలన్న దురద కొన్నాళ్ళుగా ఉంది. మనకి అలవాటే కదా, ఏదైనా వాడేముందు "దీనికి సపోర్ట్ ఎవరిస్తారు?" అని అడగడం. ఇంత అపురూపమైన బండికి ఒక బుష్షు అరిగితే ఎక్కడికి వెళ్ళాలి అని వెతకడం మొదలుపెట్టాను. వెతగ్గా వెతగ్గా తేలిందేంటంటే, ఈ కారు లోపల అపురూపమైంది దాదాపు ఏమీ లేదు.

చాప్‌మన్ తయారు చేసింది ఒక ఇనప గొట్టాల చట్రం, దాని మీద అల్యూమినియం రేకులు. మిగతాదంతా ఊళ్ళో తిరిగే మామూలు కార్ల నుంచి తెచ్చి బిగించినవే. 1960లో వచ్చిన సిరీస్ 2 సంగతి చూడండి. వెనక యాక్సిల్ స్టాండర్డ్ కంపానియన్ అనే సంసారపక్షం బండిది. స్టీరింగ్ ర్యాక్ ట్రయంఫ్ హెరాల్డ్‌ది. ముందు చక్రాన్ని పట్టుకుని నిలబెట్టే ఉక్కు ముక్క, అప్‌రైట్ అంటారే, అదీ హెరాల్డ్‌దే. బండిని విడి భాగాల కిట్‌గా కొని ఇంట్లో బిగించుకుంటే అప్పట్లో ఇంగ్లండులో పర్చేజ్ టాక్స్ ఉండేది కాదు. కాకపోతే కిట్‌తో పాటు "ఎలా బిగించాలి" అనే పుస్తకం ఇవ్వకూడదని రూలు. అందుకని లోటస్ వాళ్ళు "ఎలా విప్పాలి" అన్న పుస్తకం ఇచ్చేవారనీ, జనం దాన్ని వెనక నుంచి ముందుకి చదువుకునేవారనీ చెప్తారు. డాక్యుమెంటేషన్ చరిత్రలో ఇంతకంటే మంచి కథ నేను వినలేదు.

హెరాల్డ్ పేరు వినగానే మన పెద్దవాళ్ళకి వెలగాలి. అది మద్రాసులో తయారైన కారు.

స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అని 1948లో మద్రాసులో పెట్టిన కంపెనీ. ఫ్యాక్టరీ వండలూరు వైపు. మొదట వాన్‌గార్డ్ కార్లు ఇంగ్లండు నుంచి ముక్కలుగా తెప్పించి బిగించేవారు. 1953లో టారిఫ్ కమిషన్ ఒక మాట తేల్చి చెప్పింది: ఇక్కడే తయారు చేసే ప్రణాళిక ఉన్నవాళ్ళే ఉండండి, ఊరికే బిగించి అమ్ముకునేవాళ్ళు వెళ్ళిపోండి. ఫోర్డ్, జనరల్ మోటార్స్ దుకాణం కట్టేశాయి. ప్రధానంగా మిగిలిన కార్ల కంపెనీలు మూడు: కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. లైసెన్స్ రాజ్ అని తిట్టుకుంటాం గానీ, ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. విడి భాగాల సంగతి వరకూ ఆ షరతే మనకి మేలు చేసింది. ఇక్కడే తయారు చెయ్యాలంటే ఇక్కడే సప్లయర్లు కావాలి. మద్రాసులో టీవీఎస్ వాళ్ళు 1960లో వీల్స్ ఇండియా, 1961లో లూకాస్ టీవీఎస్, 1962లో బ్రేక్స్ ఇండియా పెట్టింది ఆ ఊపులోనే. ఇంగ్లండు స్పోర్ట్స్ కార్లకి డైనమోలూ లైట్లూ ఇచ్చిన లూకాస్, బ్రేకులిచ్చిన గిర్లింగ్ చివరికి మద్రాసు పాడిలో తేలాయి. (లూకాస్ లైట్లు దారి మధ్యలో ఆరిపోతాయని ఇంగ్లీషువాళ్ళు ఆ కంపెనీ యజమానికి "చీకటి రాజు" అని బిరుదిచ్చారు. పాడిలో చేసినవి మాత్రం మన లారీల్లో దశాబ్దాలు వెలిగాయి. సొంత డబ్బా అనుకోకండి.)

హెరాల్డ్ మద్రాసుకి రావడం వెనక ఇంకో తమాషా ఉంది. ఇంగ్లండులో స్టాండర్డ్ కంపెనీకి బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లోని 1953లో పోటీ కంపెనీ బీఎంసీ కొనేసింది. ఒకే ముక్కగా బాడీ నొక్కి ఇచ్చేవాడు లేక, స్టాండర్డ్ వాళ్ళు అప్పటికే పాతబడిన పద్ధతికి వెళ్ళారు: విడిగా ఛాసిస్, దాని మీద ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించే బాడీ. ఇటలీ ఆయన మికెలోట్టి డిజైన్ చేశాడు. 1959లో ఇంగ్లండులో విడుదలైంది. గతిలేక చేసిన ఆ పని వల్ల రెండు లాభాలొచ్చాయి. ముక్కలుగా ఉంది కాబట్టి పెట్టెల్లో పెట్టి ఏ దేశానికైనా పంపి బిగించుకోవచ్చు. 1961 నుంచి మద్రాసులో జరిగిందదే, క్రమంగా ముక్కలు కూడా ఇక్కడే తయారయ్యాయి. రెండోది, ఒక పక్క గుద్దుకుంటే ఆ ముక్క ఒక్కటి విప్పి మార్చేయొచ్చు. ముందు బానెట్ మొత్తం మడ్‌గార్డులతో సహా ముందుకి తెరుచుకుంటుంది. మెకానిక్ టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. ఈ రోజుల్లో ఒక హెడ్‌లైట్ బల్బు మార్చడానికి బంపర్ విప్పే కార్లు చూస్తున్నాం కదా, అప్పుడు దీని విలువ తెలుస్తుంది.

అదే ఛాసిస్‌ని కురచ చేసి 1962లో ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. అవి 3 లక్షల పైచిలుకు అమ్ముడయ్యాయి. మద్రాసు హెరాల్డ్‌లో ఉన్న 948 సీసీ ఇంజనే పెరిగి పెరిగి ఆ స్పిట్‌ఫైర్‌లో 1493 సీసీ అయింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మద్రాసు కంపెనీ పోయింది. హెరాల్డ్ 1971లో ఆగింది. తర్వాత వచ్చిన గెజెల్ 1977లో ఆగింది. ఎనిమిదేళ్ళ నిద్ర తర్వాత 1985లో వచ్చిన స్టాండర్డ్ 2000 ఆడలేదు, 1988లో ఫ్యాక్టరీ మూతపడింది. అయినా ఇంజను రింగులు, ట్రనియన్లు, స్టీరింగ్ ర్యాక్ రబ్బర్లు ఇవాళ కొత్తవే దొరుకుతున్నాయి. ఎందుకంటే ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ పిచ్చివాళ్ళు వేలల్లో ఉన్నారు, వాళ్ళ కోసం విడి భాగాలు చేసి బతికే కంపెనీలున్నాయి. మన పాత డాక్టరు గారి కారు, వాళ్ళ స్పోర్ట్స్ కారు ఒకే లైబ్రరీ వాడుతున్నాయన్నమాట.

ట్రనియన్ అన్నాను కదా, అక్కడ కాసేపు ఆగాలి. అసలు మెయింటెనెన్సంటే ఏమిటో ఈ ముక్క చెప్తుంది. హెరాల్డ్ అప్‌రైట్ కింది కొసకి మరలుంటాయి. ఆ మర ఒక కంచు దిమ్మలోకి దిగి ఉంటుంది, ఆ దిమ్మే ట్రనియన్. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఉక్కు మర కంచులో తిరుగుతుంది. బండి ముందు బరువంతా ఆ మరల మీదే. ఎడమ వైపుదానికి మర ఒక దిశలో, కుడి వైపుదానికి ఇంకో దిశలో ఉంటుంది, ఇటుది అటు పెట్టకూడదు. దానికి వెయ్యాల్సింది నూనె. 90 నంబరు గేర్ ఆయిల్. గ్రీజు కాదు. చాలామంది మెకానిక్కులు చక్రం దగ్గర ఏ కన్నం కనిపించినా గ్రీజు గన్ను పెట్టేస్తారు. గ్రీజు పైన గడ్డకట్టి అడుగు మరలదాకా దిగదు. అక్కడ నీళ్ళు చేరతాయి, తుప్పు పడుతుంది, ఉక్కు కొస సన్నబడుతుంది. ఒకరోజు మలుపులో అది విరిగి చక్రం పక్కకి వాలిపోతుంది. హెరాల్డ్ ఐతే నెమ్మదిగా పోయే బండి. అదే ముక్క లోటస్ సెవెన్‌లో, వంద మైళ్ళ వేగం దగ్గర విరిగితే ఏమౌతుందో ఊహించుకోండి. కంచు ట్రనియన్‌ని మంచి లేతు షాపులో చేయించొచ్చు, మన విజయవాడ ఆటోనగర్లో ఇంతకంటే కష్టమైనవి చేస్తారు. కానీ ఉక్కు అప్‌రైట్‌ని మాత్రం నకలు పోత పోయించకూడదు. అది సాగగొట్టిన ఉక్కు. పోత ముక్క చూడ్డానికి అచ్చు అలాగే ఉంటుంది, విరగడం మాత్రం చెప్పకుండా విరుగుతుంది. డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే, మిగతా చోట్ల బేరమాడండి.

ఇక మనవాళ్ళ నకలు సంగతి. మహారాష్ట్రలో అలీబాగ్ దగ్గర చింకారా మోటార్స్ అని ఒక చిన్న కంపెనీ ఉంది. 2000 దశకం మొదట్లో వాళ్ళు చింకారా రోడ్‌స్టర్ 1.8ఎస్ తెచ్చారు. చూడ్డానికి సెవెన్‌కి తమ్ముడే, బాడీ మాత్రం ఫైబర్. అందులో ఇంజను ఏం పెట్టారో తెలుసా? ఇసుజు 1.8 లీటరు పెట్రోలు ఇంజను. అంటే కాంటెస్సాలో, ఆపైన 1990ల్లో వచ్చిన ఎంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో ఉన్న 1817 సీసీ ఇంజను. హిందుస్థాన్ మోటార్స్ ఇండోర్ దగ్గర పితంపూర్‌లో దాన్ని తయారు చేసేది. నలభై ఏళ్ళ తర్వాత చాప్‌మన్ సూత్రమే మళ్ళీ: ఊళ్ళో ఎక్కువ తిరిగే బండి ఏదో చూడు, దాని గుండె తీసుకో. ఇంగ్లండులో హెరాల్డ్ చేసిన పని ఇక్కడ ఎంబాసిడర్ చేసింది.

మా వైపు నుంచి చూస్తే ఇంకో విచిత్రం కనిపిస్తుంది. మద్రాసు, హౌరా మెయిన్ లైను మీద పలాస స్టేషనుంది. ఒక కొసన హెరాల్డ్ పుట్టింది, ఇంకో కొసన ఎంబాసిడర్ పుట్టింది. ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డాక వాటి విడి భాగాలు తేలిందీ ఆ రెండు కొసల్లోనే: చెన్నైలో పుదుపేట, కోల్‌కతాలో మల్లిక్ బజార్. పలాస నుంచి హౌరా సుమారు 700 కిలోమీటర్లు, చెన్నై అంతకంటే ఇంకో మూడొందలు పైన. హైదరాబాదులో ఉన్నవాడికంటే ఉద్దానంలో ఉన్నవాడికి మల్లిక్ బజార్ దగ్గర. ఈ లెక్క చూసుకుని నేను కొంచెం గర్వపడ్డాను కూడా.

అందరూ ఈ సూత్రం పాటించలేదు. 1990ల చివర్లో గోవా నుంచి శాన్ స్టార్మ్ అని ఒక ముచ్చటైన రెండు సీట్ల కారొచ్చింది. చిన్న రైలింజన్లు చేసే బెంగళూరు శాన్ కంపెనీ వాళ్ళదే. ఫైబర్ బాడీ, అందంగానే ఉంటుంది. ఇంజను రెనో 1149 సీసీ. మంచి ఇంజనే, యూరప్‌లో లక్షల కార్లలో ఉంది. మన దేశంలో మాత్రం ఆ ఇంజనుతో తిరిగే ఇంకో కారు లేదు. రెనో పేరుతో లోగాన్ 2007లో వచ్చింది గానీ దాని ఇంజన్లు వేరు. కాబట్టి స్టార్మ్‌కి ఒక సెన్సర్ పోతే పుదుపేటలో దొరకదు, మల్లిక్ బజార్లోనూ దొరకదు. ఫ్రాన్సు నుంచి కొరియర్లో తెప్పించుకోవాలి. ఇంజను మంచిదా కాదా అన్నది రెండో ప్రశ్న. ఊళ్ళో దాని చుట్టాలు ఎంతమందున్నారన్నది మొదటి ప్రశ్న. 2013లో కేటర్‌హామ్ వాళ్ళు చవక మోడల్ ఒకటి చెయ్యాలనుకున్నప్పుడు కూడా ఇదే దారిన వెళ్ళి సుజుకీ 660 సీసీ టర్బో ఇంజను, సుజుకీ వెనక యాక్సిల్ తీసుకున్నారు. ఆ ఇంజను మన మారుతీల్లో రాలేదు, అది మన ఖర్మ.

ఇప్పుడు అసలు చిక్కు. ఎంబాసిడర్ ఉత్పత్తి 2014 మే నెలలో ఆగింది. 2017లో ఆ పేరుని పూజో కంపెనీకి 80 కోట్లకి అమ్మేశారు. పేరు అమ్మారు గానీ దానితో గ్యాస్కెట్లు రావు కదా. తయారీ ఆగిన బండికి విడి భాగాలు ఎక్కడి నుంచొస్తాయంటే, ఆగిపోయిన అన్నదమ్ముల నుంచే. ఇక్కడొక మెలిక ఉంది. మనం చూసిన ట్యాక్సీ ఎంబాసిడర్లలో ఎక్కువ డీజిల్‌వి. చింకారాకి కావాల్సిన పెట్రోలు ఇసుజు ఇంజను ఎక్కువగా ఉన్నది కాంటెస్సాల్లో, తెల్ల రంగు గవర్నమెంటు బళ్ళలో. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషన్ చెల్లదు, తుక్కు చెయ్యాల్సిందే. కలెక్టరాఫీసుల వెనక చెట్ల కింద ఆకులు రాలి మీద పడుతూ నిలబడ్డ ఆ తెల్ల బళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో స్పేర్ పార్టుల షాపు. అవి వేలంలో పోయి ముద్దయిపోతే మళ్ళీ రావు. ఆఖరి ఎంబాసిడర్‌కి కూడా 2029లో పదిహేనేళ్ళు నిండుతాయి. సొంత బళ్ళకి రెన్యువల్ ఉందనుకోండి, ఐతే 2022 ఏప్రిల్లో ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది. పొగ ఎక్కువొచ్చే పాత బళ్ళు పోవాలన్నదాంతో నాకు పేచీ లేదు. బండిని ముద్ద చేసేముందు ఇంజను తలకాయ, క్రాంకు షాఫ్టు, గేర్లు విప్పి అమ్మే పద్ధతి గట్టిగా ఉంటే బావుంటుందని మాత్రం అంటాను.

ఇంకా వింతేంటంటే, ఈ గొడవలో ముసలి హెరాల్డే క్షేమం. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్ళకి రూలు పెట్టింది: యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ చెయ్యకుండా ఉంటే 20,000 కట్టి "వీఏ" అనే అక్షరాలతో నంబరు తీసుకోవచ్చు. ఆఖరి మద్రాసు హెరాల్డ్ 1971ది, సరిగ్గా యాభై. మామూలుగా ఆఫీసుకి వేసుకెళ్ళకూడదు, ప్రదర్శనలకీ రిపేరుకీ మాత్రమే తిప్పాలి, అది వేరే సంగతి. చింకారాకి ఆ అదృష్టం పట్టాలంటే 2050లు రావాలి. ఈలోగా ఇసుజు ఇంజను దొరక్కపోతే మారుతీదో హోండాదో పెట్టేద్దామనుకుంటే ఆర్టీఓ అనుమతి లేకుండా కుదరదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అదే చెప్తుంది. కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఫోర్క్ చేసుకునే హక్కు లేదన్నమాట.

సరే, ఇవన్నీ దాటి బండి భావనపాడు చేరిందనుకుందాం. మా ఊరి గాలిలో ఉప్పుంటుంది. అసలు సెవెన్‌కి ఇది శత్రువు. ఇనప గొట్టం మీద అల్యూమినియం రేకు పెట్టి రివెట్లు కొడితే, మధ్యలో ఉప్పు తేమ చేరితే, అది బ్యాటరీలా పనిచేస్తుంది. అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. కొన్నేళ్ళకి రేకు చేతిలోకొస్తుంది. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి వాళ్ళకీ ఈ బాధ తెలుసు. మనకి చల్లక్కర్లేదు. చింకారాది ఫైబర్ బాడీ కాబట్టి పైన బాధ లేదు, కింద గొట్టాల చట్రం మాత్రం చూసుకోవాలి. నెలకోసారి మంచినీళ్ళతో కింద కడిగి, గొట్టాల కీళ్ళ దగ్గర రంగు లేచిందేమో చూసి, లేస్తే వెంటనే గీకి ప్రైమర్ వెయ్యాలి. పెట్రోలు పైపులు కూడా మార్చుకోవాలి. 2025 నాటికి పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికొచ్చింది, కార్బురేటర్ కాలం రబ్బరు దానికి ఉబ్బి పగుల్తుంది.

ఫైబర్ పగిలితే మాత్రం హైదరాబాదు వాళ్ళకంటే మేమే నయం. ఎఫ్.ఏ.ఓ. వాళ్ళ బంగాళాఖాతం ప్రాజెక్టు 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైంది. 1980ల్లో వాళ్ళు తూర్పు తీరంలో రేవు లేని చోట అలల్లోంచి ఒడ్డుకి లాక్కునే కొత్త రకం పడవల్ని ప్రయత్నించారు. తర్వాత తర్వాత చెక్క తెప్పల చోట ఫైబర్ బోట్లొచ్చాయి. ఇప్పుడు మా ఒడ్డున ఉన్నవి ఎక్కువ అవే. ఇసకలో గుద్దుకుని బోటు అడుగు పగిలితే చేసే పని ఇదీ: పగులుని వాలుగా గీకాలి, పొడిగా ఆరనివ్వాలి, గాజు పీచు మ్యాట్ పరిచి రెజిన్లో హార్డెనర్ కలిపి బ్రష్‌తో అద్దాలి, గాలి బుడగల్లేకుండా నొక్కాలి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది పైపూత వెయ్యాలి. స్పోర్ట్స్ కారు మడ్‌గార్డుకి చేసేదీ అక్షరం పొల్లుపోకుండా ఇదే. తేడా అల్లా చివరి పాలిష్‌లోనే. బోటుకి నునుపు అక్కర్లేదు, కారుకి కావాలి. ఎండాకాలంలో హార్డెనర్ ఎంత తగ్గించాలో, ముసురు పట్టినప్పుడు పని ఎందుకు ఆపాలో ఒడ్డున పనిచేసేవాళ్ళకి చేతుల్లోనే ఉంటుంది, ఏ మాన్యువల్లోనూ దొరకదు.

ఇంత లెక్క వేశాక నేను తేల్చుకున్నది ఇదీ. కొంటే చింకారాయే, అదీ ఇసుజు పెట్రోలు ఎంబాసిడర్ ఒకటి తుక్కు ధరకి దొరికాకే. ముందు దాత, తర్వాత బండి. మొన్న కోల్‌కతా వెళ్ళొచ్చిన స్నేహితుడి చేత మల్లిక్ బజార్ నుంచి ఇసుజు 1800 హెడ్ గ్యాస్కెట్ ఒకటి తెప్పించాను. బండి ఇంకా లేదు. గ్యాస్కెట్ మాత్రం భావనపాడులో అటక మీద, తేమ తగలకుండా ప్లాస్టిక్ కవర్లో ఉంది :)